ఇసుక మీద ఇల్లు అడిగిన చెల్లెమ్మకు

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది దేవరకొండ. ఆరోగ్య శాఖలో పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. పదో తరగతిలో విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు మొదటిసారి సముద్రం చూశాను. ఎప్పటికైనా దాని దగ్గర చిన్న ఇల్లు కట్టుకోవాలని అప్పటి నుంచీ కోరిక. ఇప్పుడు బాపట్ల దగ్గర ఇరవై సెంట్ల స్థలానికి బయానా ఇచ్చాం. సముద్రం అర కిలోమీటరు లోపే. స్థలంలో నాలుగు తాటిచెట్లు, మధ్యలో ఒక ఇసుక దిబ్బ ఉన్నాయి. దిబ్బను జేసీబీతో ఉచితంగా చదును చేసి ఇస్తామంటున్నారు. మా అబ్బాయి ఒక గోడంతా అద్దం, కప్పు మీద గడ్డి ఉన్న ఇళ్ల ఫొటోలు పంపుతున్నాడు. మా వారేమో మన గ్రానైటు లారీలో తీసుకెళ్దాం, ఏడడుగుల ప్రహరీ పెడదాం అంటారు. కోపం వస్తే సముద్రం ఎందుకు, సాగర్ నీళ్లు చాలవా అంటారు. నాకు మాత్రం ఇల్లు కనిపించీ కనిపించనట్టు, ఆ ఇసుకలోంచి మొలిచినట్టు ఉండాలని ఉంది. ఎలా కట్టుకోవాలి?

జవాబు:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మొత్తంలో నాకు ధైర్యం ఇచ్చిన మాట ఒక్కటే. బయానా ఇచ్చాం అన్నారు, రిజిస్ట్రేషన్ అయిపోయిందనలేదు. కాబట్టి ఇల్లు ఎలా కట్టాలన్న దానికంటే ముందు, అక్కడ అసలు కట్టనిస్తారా అన్నది చూద్దాం. చప్పటి విషయమే. కానీ దాన్ని దాటేసి దూలాల గురించి, కిటికీల గురించి మాట్లాడితే నేను మీకు అన్నను కాను, ఆ స్థలం బేరం కుదిర్చిన బ్రోకరుకు తమ్ముణ్ణవుతాను.

తీరంలో కట్టడాలకు కేంద్ర ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. సీఆర్‌జెడ్ అంటారు, కోస్టల్ రెగ్యులేషన్ జోన్ అన్నమాట. 2011 జనవరిలో ఒక ప్రకటన, 2019 జనవరిలో మరొకటి వచ్చాయి. పోటు సమయంలో నీళ్లు ఎక్కి ఆగే గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా వాటి పరిధి. పల్లె ప్రాంతాల్లో 2011 ప్రకటన ప్రకారం మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు లేదు. 2019 ప్రకటన, చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనం ఉన్న చోట ఆ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించి, మిగతా చోట్ల 200 అలాగే ఉంచింది. అయితే కొత్త లెక్క ప్రకారం తీర పటాలు తయారై ఆమోదం పొందేదాకా పాత నిబంధనలే నడవాలని అందులోనే ఉంది. మీ స్థలానికి ఏ పటం వర్తిస్తుందో అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న ఇంకా చిక్కుది. 200 నుంచి 500 మీటర్ల మధ్య ఇళ్లు కట్టుకోవచ్చనే వాక్యం పాత ప్రకటనలో ఉంది. ఎత్తు 9 మీటర్లు, కింద ఒకటి, పైన ఒకటి, రెండే అంతస్తులు. స్థలాలు అమ్మేవాళ్లు ఆ వాక్యాన్ని అక్కడి వరకే చదివి వినిపిస్తారు. అదే వాక్యంలో, ఉన్న మత్స్యకార గ్రామాల వంటి చోట్ల, సంప్రదాయ హక్కుల పరిధిలోని ఇళ్లకు అన్న ముక్క కూడా ఉంది. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి వెళ్లి కొన్న మనకు అది పనికొస్తుందా? నోటి మాట వద్దు. పంచాయతీ నుంచి, రాష్ట్ర తీర నిర్వహణ అధికారుల నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. అది వచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి.

ఇక ఆ 'అర కిలోమీటరు' సంగతి. ఎవరు కొలిచారు, ఎక్కడి నుంచి కొలిచారు? మీరు వెళ్లిన మధ్యాహ్నం నీళ్లు వెనక్కి పోయి ఉంటే, తడి ఇసుక అంచు నుంచి అడుగులేసి ఉంటారు. చట్టం లెక్క పోటు గీత నుంచి. ఆ గీతను కళ్లతో చూసి నిర్ణయించరు, పటం మీద ఉంటుంది. నలభై యాభై మీటర్ల తేడాలో మీ స్థలం గీతకు ఈ పక్కనుంచి ఆ పక్కకు పోగలదు. 500 బయట పడితే మీ అదృష్టం, మామూలు పంచాయతీ అనుమతులతో పని అయిపోతుంది. అసైన్డ్ భూమి కాదని కూడా చూసుకోండి. మన పహాణీని అక్కడ అడంగల్ అంటారు. బాపట్ల 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కనుక పాత కాగితాలు గుంటూరు జిల్లా పేరుతో ఉంటాయి, చీరాల వైపువైతే ప్రకాశం పేరుతో. కంగారుపడకండి. ఇరవై సెంట్లంటే మన ఎనిమిది గుంటలు. ఆ మాట మాత్రం వాళ్లు సరిగ్గానే చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఇసుకలోంచి మొలిచినట్టున్న ఇల్లు కావాలన్నారు. అలాంటిది మీరు రోజూ చూస్తూనే ఉన్నారు, ఇసుకలోంచి కాకపోయినా రాతిలోంచి. సాయంత్రం పూట మీ ఊరి ఖిల్లా వైపు ఒకసారి నిలబడి చూడండి. గుట్ట ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో దూరం నుంచి చెప్పడం కష్టం. ఆ కోట కట్టించిన పద్మనాయక రాజుల మేస్త్రీలకు కొండతో కలిసిపోవాలన్న కళాదృష్టి ఉందో లేదో నాకు తెలియదు. కొండ మీద దొరికిన రాయితోనే కట్టారు, పెద్ద బండ అడ్డొచ్చిన చోట బండనే గోడగా వాడుకున్నారు, వాలు ఎటు తిరిగితే గోడను అటు తిప్పారు. అంతే. ఆరు వందల ఏళ్ల తర్వాత మనం దాన్ని చూసి భలే కలిసిపోయింది అంటున్నాం. మీ అమ్మమ్మగారి మిద్దె కూడా అంతే అయి ఉంటుంది. చెరువు మట్టి, ఊరి కట్టె, గుట్ట రాయి, డంగు సున్నం.

అందుకని మీ వారు గ్రానైటు లారీ మాట ఎత్తితే, ఖిల్లా కట్టినవాళ్లు రాయి ఎక్కడి నుంచి తెచ్చారండీ అని అడగండి. బాపట్ల తీరంలో కాలి కింద రాయి లేదు. ఇసుక, కాస్త వెనక్కి వస్తే డెల్టా బంకమట్టి, ఆ మట్టితో కాల్చిన ఇటుక, తాటిచెట్టు, సరుగుడు, ఆల్చిప్పలు కాల్చి చేసే గుల్లసున్నం. అక్కడి పాత ఇళ్లు వీటితోనే కట్టారు. మెరుగు పెట్టిన నల్లరాయి ముఖద్వారం ఆ ఇసుకలో మిర్యాలగూడ బైపాస్ పక్కన ఫంక్షన్ హాలులా కనిపిస్తుంది. గచ్చుకు మన బండలు కొన్ని కావాలనిపిస్తే తీసుకెళ్లండి, ఉప్పుకు చెడవు, కాళ్లకు చల్లగా ఉంటాయి. గోడల జోలికి తీసుకురాకండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట మన జిల్లా కుటుంబానికే, అదే తీరంలో ఒక ఇంటికి నేను నక్షా గీశాను. అప్పటికి నాకు నల్లగొండలో ఇరవై ఇళ్లు కట్టిన గర్వం ఉంది. దిబ్బ చదును చేయించాను. ఇక్కడ వాడినట్టే కాంక్రీటు, ఇక్కడి మేస్త్రీ, ఇక్కడి ఇనుప చువ్వల కిటికీలు. గృహప్రవేశం రోజు ఇల్లు పెళ్లికూతురిలా ఉంది. ఆరేళ్ల తర్వాత ఆ పెద్దాయన రమ్మని కబురు పెడితే వెళ్లాను. వరండా దూలం అడుగున కాంక్రీటు పెచ్చు ఊడి, చువ్వ బయటికి కనిపిస్తోంది. గోటితో గీకితే తుప్పు అప్పడంలా పొరలు పొరలుగా చేతిలోకి వచ్చింది. కిటికీ చువ్వను పట్టుకుంటే బొటనవేలు మందం ఉన్నది పెన్సిలంత మిగిలింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. టీ తెప్పించాడు. ఆ టీ కూడా ఉప్పగానే ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను.

జరిగింది ఇది. సముద్రపు గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపర ఉంటుంది. కాంక్రీటు సన్నని రంధ్రాల గుండా ఆ ఉప్పు లోపలికి దిగుతుంది. చువ్వను చేరితే తుప్పు మొదలు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక లోపలి నుంచి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పగులు పడితే ఉప్పుకు రాజమార్గం. దీనికి మందు తెలిసిందే, ఐఎస్ 456 అనే ప్రమాణంలో ఉంది. తీరపు గాలికి ఎదురయ్యే చోట ఎం 30 గ్రేడుకు (ఎం అంకె పెరిగే కొద్దీ బలం ఎక్కువ) తగ్గని కాంక్రీటు, చువ్వకు బయటికి మధ్య 45 మిల్లీమీటర్ల కవరు. నీటి తుంపర నేరుగా తగిలే చోటైతే ఎం 35, 50 మిల్లీమీటర్లు. మన దగ్గర మేస్త్రీలు స్లాబుకు 20తో సరిపెట్టుకుంటారు, అది మన పొడి గాలికి చెల్లుతుంది. ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం కలిపిన స్లాగు సిమెంటు వాడితే ఉప్పు దిగడం ఇంకా నెమ్మదిస్తుంది. కలపడానికీ, తడపడానికీ ఉప్పు నీళ్లు వాడకూడదు. మీ స్థలంలోని ఇసుక ఎంత తెల్లగా, ఎంత ఉచితంగా కనిపించినా కాంక్రీటులో గానీ ప్లాస్టరింగులో గానీ కలపనివ్వకండి. స్లాబు పోసే రోజు స్కేలు తీసుకుని మీరే వెళ్లి చువ్వ కింద కవరు కొలవండి. మేస్త్రీ నవ్వుతాడు. నవ్వనివ్వండి.

కిటికీలకు ఇనుము పూర్తిగా మానేయండి. కట్టె తలుపులు, ఇత్తడి బందులు, ఇత్తడి గొళ్లేలు చాలు.

కలిసిపోవడం గురించి అడిగితే కాంక్రీటు గురించి చెప్తున్నాడేమిటి అనుకుంటున్నారేమో. పెచ్చులూడి, తుప్పు చారలు కారుతున్న ఇల్లు ఏ ప్రకృతిలోనూ కలవదు కదా.

దిబ్బ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. ముట్టుకోవద్దు. సీఆర్‌జెడ్ నిబంధనల్లో ఇసుక దిబ్బలది అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న వర్గం. పటంలో దిబ్బగా నమోదై ఉంటే జేసీబీ దింపడమే నేరం. నమోదు కాకపోయినా వద్దు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. అంత దూరం ఎందుకు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి రోజున సముద్రానికీ మీకూ మధ్య అడ్డంగా పడుకునేది ఆ దిబ్బే. దాన్ని పట్టి ఉంచేవి ఏమిటో వెళ్లినప్పుడు కూర్చుని చూడండి. మేక డెక్కలా చీలిన ఆకులు, ఊదారంగు పూలు ఉన్న ఒక తీగ ఇసుక మీద పది, పదిహేను అడుగులు పాకి ఉంటుంది. కణుపు కణుపుకూ వేరు దించుతుంది. దాని పక్కనే ముళ్ల బంతుల్లాంటి గడ్డి, రావణాసురుడి మీసాలంటారు. ఎండిన బంతి గాలికి తెగి తీరం వెంట దొర్లుకుంటూ పోయి ఎక్కడో విత్తనం రాలుస్తుంది. ఆ తీగను పీకి లాను వేస్తే, రెండు వేసవుల్లో ఇసుక మీ వరండాలోకి వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి ఇంటిని దిబ్బకు వెనక, నేల వైపు పెట్టండి. దిబ్బ నడుము దాకా దాక్కునేంత తక్కువ ఎత్తులో ఒకే అంతస్తు. తీరం నుంచి చూస్తే దిబ్బ, దాని వెనక కప్పు వాలు, ఆ పైన నాలుగు తాటి తలలు. మీరడిగిన 'కనిపించీ కనిపించనట్టు' అంటే అదే. పై అంతస్తు నుంచి సముద్రం చూడాలన్న ఆశ ఒకటి వదులుకోవాలి. బదులుగా దిబ్బ మీదికి నాలుగు సరుగుడు కర్రలతో ఎత్తుగా నడక బల్ల వేసుకోండి, తీగను తొక్కకుండా. సాయంత్రం అక్కడికి నడిచి వెళ్లి చూసే సముద్రానికీ, మంచం మీద పడుకుని చూసే సముద్రానికీ చాలా తేడా ఉంది. నెల తిరిగేసరికి రెండోది గోడమీద క్యాలెండరు అయిపోతుంది.

నాపరాయి మీద పెరిగినవాళ్లం మనం. గట్టిగా నిలబడటమే ఇంటి లక్షణం అనుకుంటాం. ఇసుక నేలలో దారి ఇవ్వడం కూడా నేర్చుకోవాలి, గాలికి, ఇసుకకు, నీటికి. మీ వారి ఏడడుగుల ప్రహరీనే తీసుకోండి. గాలి దాన్ని కొట్టి పైకి లేచి సుడి తిరుగుతుంది. ఒక పక్క ఇసుక కుప్పపడుతుంది, ఇంకో పక్క పునాది కింద గుంత పడుతుంది. అక్కడివాళ్లు తాటి మట్టలతో దడి కడతారు. సందుల్లోంచి గాలి పోతుంది, ఇసుక నెమ్మదించి దడి మొదట్లోనే వాలిపోతుంది. మూడేళ్లకు దడి చోట చిన్న దిబ్బ తయారవుతుంది. పశువులు రావా అంటే దడి వెంట మొగలి పొదలు పెట్టండి. ఆ ముళ్లలోకి పశువూ రాదు, దొంగా రాడు. పూల కాలంలో ఇంటికి అత్తరు ఖర్చు మిగులుతుంది.

గాలి అన్నాను కదా. గాలి వేగాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు పెడితే, కోస్తా తీరానికి 50 పెట్టారు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంకెల్లో చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది, దాదాపు మూడో వంతు ఎక్కువ. అంత గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. ఉత్తర కోస్తాలో చుట్టిల్లు చూశారా? గుండ్రటి మట్టిగోడ, మీద శంకువులాంటి తాటాకు కప్పు, చూరు దాదాపు మోకాలి ఎత్తుకు దిగి ఉంటుంది. గాలికి పట్టుకోవడానికి మూల దొరకదు. మీరు గుండ్రటి ఇల్లు కట్టుకోనవసరం లేదు, మంచాలూ బీరువాలూ పట్టక అవస్థ పడతారు. దాని బుద్ధి మాత్రం తీసుకోండి. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు, ఎదురెదురుగా రెండు ముక్కోణపు గోడలు తేలేది కాదు. ఇంటి గోడ దాటి చూరు అడుగున్నరకు మించకుండా. వరండా కప్పును ఇంటి కప్పుతో కలిపి పోయకండి, విడిగా కట్టండి. పెద్ద గాలికి పోతే వరండా ఒక్కటే పోతుంది, ఇల్లు నిలుస్తుంది. వాలు స్లాబు పోసి దాని మీద బంగళా పెంకులు సిమెంటుతో అతికించడం నా సలహా. బరువు అక్కడ మంచిదే. ఊరికే పేర్చిన పెంకులు తుపానులో కత్తుల్లా ఎగురుతాయి.

మీ అబ్బాయి పంపిన గడ్డి కప్పు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. చల్లటి దేశాల్లో, ఏడాది పొడుగునా జల్లులు పడే చోట అది కలిసిపోవడమే. మన వేసవిలో ఆ గడ్డిని పచ్చగా ఉంచాలంటే రోజూ తడపాలి, నీళ్లెక్కడివి? బాపట్ల తీరంలో పచ్చటి కప్పు పెడితే చుట్టూ ఉన్న ఇసుకలో అదొక్కటే పరాయిదై కనిపిస్తుంది. పాత మట్టిపెంకు ఎరుపు, సున్నం తెలుపు, ఎండిన తాటాకు బూడిద రంగు, అక్కడి రంగులు ఇవే. గోడకు లోపలా బయటా సున్నపు పూత వేయించండి. ఏడాదికోసారి సంక్రాంతికి ముందు మళ్లీ వేసుకుంటే చాలు.

అద్దం గోడ సంగతి అబ్బాయికి ఇలా చెప్పండి. ఆ తీరం ఆగ్నేయం వైపు చూస్తుంది. పొద్దున లేచిన సూర్యుడు, నీటి మీద పడిన సూర్యుడు, ఇద్దరూ కలిసి ఆ అద్దంలోంచి లోపలికి వస్తారు. ఎనిమిది గంటలకే పరదా వేసుకుంటారు, ఇక సముద్రం పరదా అవతలే. వారం తుడవకపోతే ఉప్పు పొర పట్టి అద్దం కాస్తా అరిగిన పాత కళ్లద్దం అవుతుంది. తుపానులో ఎగిరొచ్చే ఒక్క కొబ్బరి మట్ట చాలు, ఆపై జరిగేది మీరు ఊహించుకోగలరు. ఒక గోడ పగిలి గాలి లోపలికి దూరిందా, కప్పును కింద నుంచి కూడా తోస్తుంది. వెడల్పాటి కిటికీలు రెండు మూడు పెట్టండి, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తున, బయట వైపు మూసే గట్టి కట్టె రెక్కలతో.

వాస్తు మీ ఇంట్లో ఎంత గట్టిగా పట్టుకుంటారో నాకు తెలియదు. పట్టుకుంటే ఈసారి అది మీ పక్షాన ఉంది. వంటగది ఆగ్నేయంలో ఉండాలంటారు కదా. సముద్రం ఉన్నదీ ఆ దిక్కే. సముద్రం కనిపించే మంచి కిటికీ ఎప్పుడూ హాలుకు పోతుంది, మగవాళ్లు దాని ముందు కూర్చుని పేపరు చదువుతారు. ఈ ఇంట్లో మొదటి కిటికీ పొయ్యి దగ్గర పడుతుంది. నలభై ఏళ్లు ఎదురుచూసింది మీరే కాబట్టి అది న్యాయంగానే ఉంది.

ఇప్పుడు ఆ ఉప్పటి టీ కథ. నల్లగొండవాళ్లకు నీళ్ల గురించి నేను పాఠం చెప్పక్కర్లేదు. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో మన జిల్లాలో నడుములు వంగిన మనుషులను చూసి నేర్చుకున్నాం. కానీ మనకు ఇంకో అలవాటు కూడా ఉంది. నీళ్లు పడకపోతే బోరు ఇంకో వంద అడుగులు దించుదాం అంటాం. ఆ పెద్దాయన ఇంటికి నేను చేయించింది అదే. ఇసుక తీరంలో లెక్క తిరగబడుతుంది. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంటాయి, పాల మీద మీగడలా. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు పైన ఉంటే కింద నలభై అడుగుల దాకా మంచినీరు ఉంటుందని మోటు లెక్క. పైన అడుగు తోడేస్తే కింద నుంచి నలభై అడుగుల ఉప్పు పైకి వస్తుందన్నమాట. లోతు బోరుకు గట్టి మోటారు బిగిస్తే మొదటి రెండేళ్లు తియ్యగా వచ్చి, మూడో ఏడు చారులో ఉప్పు వేయనక్కర్లేకుండా పోతుంది. మీ ఒక్కరికే కాదు, పక్కింటి చేతిపంపుకు కూడా.

అక్కడి రైతులు దొరువు అంటారు. ఇసుకలో నాలుగు మూరల లోతు గుంత. పైపైన ఉన్న మీగడను మాత్రం కడవతో తీసుకుంటారు. నారుమళ్లు, ఆకుకూరలు తరతరాలుగా దాని మీదే బతికాయి. మీరూ అంతే, లోతు తక్కువ బావి, చిన్న మోటారు, రోజుకు కొంచెం. మీ స్థలం సీఆర్‌జెడ్ పరిధిలో పడితే మోటారు నిబంధనల్లోనూ చిక్కే. తాగడానికి, వండడానికి కప్పు మీద పడిన వాన పట్టుకోండి. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. మొదటి జల్లును వదిలేయాలి, ఉప్పు దుమ్ము కడుక్కుపోవడానికి. నేల కింద తొట్టి కట్టించండి, పైన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు కనిపించకపోతే ఇల్లు సగం కలిసిపోయినట్టే. మరుగుదొడ్డి గుంత బావికి వీలైనంత దూరంగా, నీరు పారే దిక్కున దిగువకు. ఇసుక దేన్నీ ఆపదు.

పునాది నేను ఉత్తరంలో చెప్పగలిగేది కాదు. నేల పరీక్ష చేయించి, తీరంలో పనిచేసిన ఇంజనీరుతో గీయించండి. ఇంటి నేల మట్టం పక్క పాలెంలో ముసలివాళ్లు చూపించే ఉప్పెన గుర్తుకంటే ఎత్తులో ఉండాలి, అంతవరకు నేను చెప్పగలను. ఆ గుర్తు వాళ్లనే అడగండి, ఏ కాగితంలోనూ అంత కచ్చితంగా ఉండదు.

చెట్లలో తాటిచెట్లను కొట్టకండి. కొత్తగా పొన్న, కానుగ పెట్టండి. సరుగుడు అందరూ వేస్తారు, త్వరగా పెరుగుతుంది, గాలిని ఆపుతుంది. కానీ అది బయటినుంచి వచ్చిన చెట్టు, కింద రాలిన సూదుల మీద ఇంకేదీ మొలవదు. గాలి వచ్చే వైపు ఒక వరస చాలు. బయటి లైట్లు తక్కువ పెట్టండి. సముద్రం వైపు ఒక్కటీ వద్దు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు గుడ్లలోంచి బయటపడ్డాక మెరిసే వైపు సముద్రమనుకుని నడుస్తాయి. మీ వరండా బల్బు చూసి ఇంటి వైపు వస్తే తెల్లారేసరికి కాకులకు ఆహారం.

మీ వారి సాగర్ మాటను కూడా కొట్టిపారేయకండి. ఒక ఆదివారం నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీకి ఇద్దరూ వెళ్లి రండి. సాగర్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి చేపలు పట్టడానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అవి. సముద్రాన్ని వదిలి మన కృష్ణ ఒడ్డుకు వచ్చినవాళ్లను, కృష్ణను వదిలి సముద్రానికి వెళ్దామనుకుంటున్న మీరు కలుసుకోవడం నాకు సరదాగా ఉంది. ఏప్రిల్‌లో వెళ్తే ఇంకా మంచిది. 590 అడుగుల నిండు మట్టం నుంచి నీళ్లు ఎంత వెనక్కి పోతాయో, ఒడ్డున నెర్రెలిచ్చిన ఒండ్రు ఎంత దూరం నడవాలో కనిపిస్తుంది. అది చూశాక మీ వారే సముద్రం అంటారేమో. లేదా మీరే కృష్ణ చాలంటారేమో. అక్కడైతే గ్రానైటు మాట ఆయన ధైర్యంగా ఎత్తవచ్చు.

బాపట్లే ఖాయమైతే, మిగతా డబ్బు ఇచ్చే ముందు ఒక పని చేయండి. నవంబరులో, వాయుగుండం వార్త వచ్చి వెళ్లిన మర్నాడు, అక్కడ గది అద్దెకు తీసుకుని నాలుగు రోజులు ఉండండి. సంక్రాంతి ఎండలో చూసిన స్థలాన్ని ఆ తడిలో, ఆ గాలిలో మళ్లీ చూడండి. దిబ్బకు ఏ పక్క ఇసుక కొత్తగా చేరిందో కర్రతో గుర్తు పెట్టుకోండి. దగ్గరలో దొరువు ఎవరిదైనా ఉంటే గుక్కెడు నీళ్లు అడిగి తాగి రుచి రాయండి. పటం నకలూ, పంచాయతీ ఇచ్చిన కాగితమూ చేతికి వచ్చాక నాకు పంపితే, మీ వంటింటి కిటికీ ఎంత ఎత్తున పెట్టాలో అప్పుడు గీసి పంపుతాను. మీ ఎత్తు కూడా రాయడం మర్చిపోకండి, పొయ్యి గట్టు దాన్ని బట్టే.